మూడో రోజు టేపు తీయాలి

ఆయన బాగున్న రోజుల్లో నాకు రాయడం రాదు. వచ్చాక, బయటికి చెప్పొద్దని ఆయనే అన్నారు. ఆయన పోయిన తర్వాత రాద్దామని ఎన్నిసార్లు కూర్చున్నా, మొదటి వాక్యం ఆయన గురించి కాకుండా నా గురించి రాయాల్సి వస్తోందని కాగితం మడిచి పక్కన పెట్టేదాన్ని.

మొన్న పవర్ హౌస్ బజారులో ఒకతను సైకిలు వెనక గంపలో బాతుపిల్లల్ని అమ్ముతున్నాడు. వాటిలో ఒకటి కాళ్ళు చెరోపక్కకీ జాపేసి, పొట్టమీద పడి, లేవలేక కొట్టుకుంటోంది. అతను దాన్ని ఒంటికాలు పట్టుకుని ఎత్తి గంపలోంచి తీసి రోడ్డు వారన పెట్టాడు. "కాలట్టుకోకు, పొట్ట కింద సెయ్యి పెట్టు" అని నా నోట్లోంచి తెలుగులో వచ్చేసింది. అతను హిందీవాడు, అర్థం కాలేదు. ఆ పిల్లని కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చాను. దానికి నీళ్ళు పట్టి, చేతులు కడుక్కుని, ఈ కాగితం తీశాను.

మొదటి వాక్యం ఇది. యాభై ఆరేళ్ళు వచ్చేదాకా నాకు చదవడం రాదు. ఆ సంగతి అప్పటిదాకా మా ఇంట్లోవాళ్ళకి తప్ప ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఇంక ఆయన గురించి చెప్పగలను.

మేమంతా ఆయన్ని బావూ అని పిలిచేవాళ్ళం. మా శ్రీకాకుళం వైపు పెద్దమనిషిని పిలిచే పిలుపు అది. చుట్టరికం ఏమీ లేదు. ఇక్కడి ఉక్కు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సెక్టర్ 4లో మా పెరటి గోడకి అవతలివైపు వాళ్ళ పెరడు. అక్కడ పాత రేకులతో చిన్న కొట్టం కట్టి బాతుల్ని పెంచేవారు. పెద్ద బాతులు పెరట్లో తిరిగేవి. పిల్లల్ని మాత్రం పిల్లుల భయానికి కొట్టంలో పెట్టి తాళం వేసేవారు.

మాట్లాడడం బాగా తక్కువ. మా వీధికి కూరలు తెచ్చే ఛత్తీస్‌గఢీ ఆవిడ ఆయన్ని చూసినప్పుడల్లా, "అంకల్ బాత్ నహీ కర్తే, బాతు కర్తే హై" అనేది. హిందీలో బాత్ అంటే మాట. ఈ మనిషికి మాటల్లేవు, బాతులే ఉన్నాయని ఆవిడ వేళాకోళం. ఆయన నవ్వేవారు కాదు గానీ, ఆవిడ పారబోయబోయే ముదురు పాలకూర, బఠాణీ తొక్కలు బాతులకోసం అడిగి తీసుకునేవారు.

ప్లాంటువాళ్ళిచ్చిన బరువు బూట్లు రిటైరయ్యాక పెరట్లో తొడుక్కునేవారు. చెవిమీద ఒక పెన్సిలు. జబ్బుచేసిన పిల్లని తెస్తే ముందు దాన్ని కింద వదలమనేవారు. ఎత్తుకుని చూసేవారు కాదు.

నేను మొదటిసారి ఆయన్ని పిలిచింది మా సొంత పిల్లలకోసమే. మా ఆయన పొద్దున్నే హథ్‌ఖోజ్‌లో ఒక కార్ఖానాలో లేత్ మిషను పనికి వెళ్ళిపోతే ఇంట్లో నేనొక్కదాన్నే. తోచక పది బాతుపిల్లల్ని తెచ్చుకున్నాను. పదిహేను రోజులకి వాటిలో ఆరు నడవడం మానేశాయి. మడమలమీద చతికిలబడి, దాణా గిన్నె దాకా పొట్టతో ఈడ్చుకుంటూ వెళ్ళేవి. గోడమీంచి కేకేస్తే ఆయన వచ్చి, ఒక ఇటుకమీద కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయారు. అరగంట గడిచింది. నాకు విసుగొచ్చింది.

"ఏటి బావూ, అలగ సూత్తా కూకుంటే నయమైపోద్దేటి?"

"మిషను ఆపీసి సూస్తే ఏటి తెలుస్తాది? నడుస్తన్నప్పుడే సూడాల." ఇంకాసేపటికి అడిగారు. "ఏటి పెడతన్నావు?"

"కోడిపిల్లల దాణా."

"ఇది కోడేటి?"

"కాదు."

"మరి? కోడికి సరిపోయింది దీనికి సాలదు. బాతుపిల్లకి బి విటమిను ఎక్కువ కావాల. అది అందకపోతే మొదట కాళ్ళే పోతాయి. కాలు సూడకు అమ్మడూ, కడుపు సూడు."

ఆ తర్వాత నేను ఎంతమందికి ఈ మాట చెప్పానో లెక్కలేదు. కాలు సూడకు, కడుపు సూడు.

పవర్ హౌస్‌లో పశువుల మందుల దుకాణంలో ఈస్టు గుండ దొరుకుతుందనీ, అది దాణాలో కలపమనీ చెప్పారు. అది దొరికేదాకా బి కాంప్లెక్స్ మాత్ర సగం నలిపి తాగే నీళ్ళలో వేయమన్నారు. తవుడు, చోడిపిండి అంటే రాగిపిండి, ఇంట్లో తరవాణి ఉంటే అదీ. మా ఇంట్లో తరవాణి కుండ లేకపోతే వాళ్ళింట్లోంచి చెంబుతో తెచ్చిపెట్టారు. వాళ్ళావిడని నేను అక్కా అనేదాన్ని. ఆవిడ గోడ అవతలినుంచి, "మా ఇంట్లో పులిసిన నీళ్ళు కూడా నాకు మిగలవు చెల్లీ, అన్నీ ఆ ముక్కులకే" అంది.

నేను పిల్లల కింద పాత క్యాలెండరు కాగితాలు పరిచాను, శుభ్రంగా ఉంటుందని. ఆయన వాటిని లాగిపారేసి గోనెసంచి పరిచారు. కాగితం మీద కాలు జారుతుంది, జారిజారి కాళ్ళు చీలిపోతాయి. ఒక పిల్లకి అప్పటికే చీలిపోయాయి. దానికి ఆయన చేసిన వైద్యం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు. జేబులోంచి కరెంటువాళ్ళు వాడే నల్ల టేపు తీశారు. సన్నగా కోసి, పిల్ల రెండు కాళ్ళకీ తిప్పి, మధ్యలో ఒక వేలు పట్టేంత ఎడం ఉంచి అతికించారు. చిన్న సంకెళ్ళలాగా ఉంది. పిల్ల లేచి నిలబడింది. రెండడుగులు వేసి పడింది. మళ్ళీ లేచింది.

"అలైన్‌మెంటు కుదిరినాది" అన్నారు ఆయన. ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతులో సంతోషం వినపడేది. "కట్టడం ఎవుడైనా కడతాడమ్మడూ. ఇప్పడం గుర్తుండాల. దీని కాలు పొద్దుకొకలాగ లావౌతాది. మూడో రోజు తియ్యకపోతే టేపు కోసుకు పోద్ది."

ఇదంతా నోటితో చెప్పాక, మాత్రల అట్టపెట్టె ఒకటి చింపి, చెవిమీది పెన్సిలు తీసి, చెప్పిందంతా మళ్ళీ రాసిచ్చారు. అది ఆయన పద్ధతి. మిల్లులో షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాడికి రాసిచ్చి వెళ్ళడం ముప్పై ఏళ్ళ అలవాటు. రాసింది చేతిలో పెట్టి ప్రతిసారీ ఒకే ప్రశ్న అడిగేవారు.

"సదివేవా అమ్మడూ?"

నేను ఆ అట్టముక్కని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, ఎడమనుంచి కుడికి తల కొంచెం కదిలించి, "సదివేను బావూ" అన్నాను.

అలా మొదలైంది. మూడేళ్ళపాటు ఆయన రాసివ్వడం, నేను చదివానని చెప్పడం. నాకు ఇబ్బందేమీ కాలేదు, ఎందుకంటే రాసేముందు నోటితో ఎలాగూ చెప్పేవారు. నాకు జ్ఞాపకం బాగా ఉండేది. చదువురాని వాళ్ళకి ఉండేలాగే.

ఆయన తెలుగులోనే రాసేవారు. ఎవరికైనా సరే. "మన పిల్లలకి తెలుగు పోనాది. మనం కూడా ఒగ్గీస్తే ఇంకెవుడు రాస్తాడు?" అనేవారు. ఒకసారి పక్క సెక్టరునుంచి ఒక బెంగాలీ ఆవిడ బాతుపిల్లని తెచ్చింది. దాని కాలివేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. ఆయన మాత్రల అట్ట కోసి దాని పాదానికి చిన్న బూటు చేసి, టేపు వేసి, ఆవిడకి కూడా తెలుగులోనే చీటీ రాసిచ్చారు. ఆవిడ ఆ చీటీ పట్టుకుని తిన్నగా మా ఇంటికొచ్చింది. "దీదీ, పఢ్ దో" అంది. చదివిపెట్టమని.

చీటీ తీసుకున్నాను. తల కదిలిస్తూ, నాకు తెలిసిన హిందీలో చదివాను. మాత్ర సగం, నీళ్ళలో. గోనెసంచి పరచాలి. రోజూ కాసేపు గోరువెచ్చటి నీళ్ళ తొట్టెలో ఈదించి, తుడిచి, వెచ్చగా పెట్టాలి. మూడో రోజు టేపు తీయాలి. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. పది రోజుల తర్వాత పిల్ల బాగా నడుస్తోందని సందేశ్ తెచ్చి పెట్టింది.

ఆ మిఠాయి తిన్నప్పుడు నాకు ఒక నమ్మకం కుదిరింది. బావు చీటీలన్నిట్లో ఉండేది ఒకటే. ఆ ఒకటీ నాకు వచ్చు. ఇంక చదువు ఎందుకు?

ఒక రోజు పొద్దున్న ప్లాంటు సైరన్ కూసిన కాసేపటికి గోడ అవతల గట్టిగా మాటలు వినిపించాయి. అక్క గొంతు, వాళ్ళబ్బాయి గొంతు. వెళ్ళి చూస్తే వాకిట్లో ఆటో ఉంది. బావు పెరట్లో గోడ పట్టుకుని నిలబడ్డారు. మూతి ఒకపక్కకి జారింది. కుడికాలు ఈడుస్తున్నారు. మాట ముద్దగా వస్తోంది. ఏదో చెప్పబోయారు. నాకు తెలియలేదు. మళ్ళీ చెప్పారు, తెలియలేదు. ఆయనకి కోపం వచ్చింది, నామీద కాదు, తన నోటిమీద. గోడమీద అట్టముక్క పెట్టి, ఎడంచేత్తో నొక్కిపట్టి, కుడిచెయ్యి వణుకుతుంటే రాయడం మొదలుపెట్టారు.

"ఆస్పత్రికి ఎల్లాల నాయనా అంటే ఇంకా బాతులేటి?" అని అక్క ఆటోలోంచి అరుస్తోంది. వాళ్ళబ్బాయి చెయ్యి పట్టి లాగుతున్నాడు. "పాపా, ఛోడో నా." వదిలెయ్యి నాన్నా అని. ఆయన రాయడం ఆపలేదు. చీటీ, దాంతోపాటు జేబులో ఉన్న మాత్రల పట్టీ నా చేతిలో పెట్టారు. నా మొహంలోకి చూశారు. ఆ వంకర మూతితోనే అడిగారు. ఆ మాట మాత్రం నాకు అర్థమైంది.

"సదివేవా?"

తల ఎడమనుంచి కుడికి కదిపాను. "సదివేను బావూ."

ఆయన భుజాలు దిగాయి. తేలికపడినట్టు తలూపి ఆటో ఎక్కారు.

అప్పుడు మా ఇంట్లో ఒక బాతుపిల్లకి కాలు బాగాలేదు. దానికోసమే రాసిచ్చారనుకున్నాను. మాత్ర సగం నలిపి నీళ్ళలో వేశాను. సాయంత్రం మా ఆయన వస్తే చీటీ చూపించవచ్చు. అయిదోక్లాసు చదివిన మనిషే. చూపించలేదు. నాకు తెలిసిందే కదా అని బియ్యం డబ్బాలో పడేశాను.

రెండు రోజులు గోడ అవతలినుంచి బాతుపిల్లల అరుపు వినపడింది. కొట్టానికి తాళం ఉంది. వాళ్ళబ్బాయి ఆస్పత్రినుంచి వచ్చినప్పుడు పెద్ద బాతులకి గింజలు చల్లడం గోడమీంచి చూశాను. పిల్లల్ని కూడా అతనే చూస్తున్నాడనుకున్నాను. నాన్న చీటీ ఇచ్చాడు కాబట్టి ఆంటీ చూస్తున్నారని అతననుకున్నాడు. మూడో రోజు అరుపు ఆగింది. నిద్రపోతున్నాయనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

ఆరో రోజు బావుని ఇంటికి తెచ్చారు. చేతికర్ర ఇచ్చారు. మాట చాలావరకు తిరిగొచ్చింది. ఆయన ఇంట్లోకి పోకుండా తిన్నగా పెరట్లోకి వెళ్ళి, తాళం తీయించి, కొట్టంలోకి చూశారు. నేను ఆయన్ని పలకరిద్దామని అప్పుడే వచ్చాను. అక్క ఉంది, అబ్బాయి ఉన్నాడు, చూడ్డానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు ఉన్నారు. ఆయన వంగి ఒక అట్టపెట్టెని కర్రతో వెలుగులోకి లాగారు. ఏడు పిల్లలు. మూడింటి కాళ్ళకి టేపు. ఆ టేపు ఎంత లోపలికి పోయిందో నేను రాయను. నీళ్ళ గిన్నె ఒక మూల ఖాళీగా ఉంది.

"ఎవరు చూడాలి వీటిని?" అన్నాడు అబ్బాయి నావైపు తిరిగి. "పాపా మీకే కదా, ఆంటీ, రాసిచ్చారు?"

బావు నావైపు చూశారు. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు, మెల్లగా అడిగారు.

"సీటీ సదివేవా అమ్మడూ?"

ఇక్కడే నేను చెప్పాల్సింది. నాకు రాదు బావూ అని మూడు మాటలు. ఆ ఇద్దరు ముగ్గురి ముందు, ఆ అబ్బాయి ముందు. నా నోరు దానికి అలవాటైన మాటే అంది.

"సదివేను."

ఆయన నన్ను చూస్తూనే ఉన్నారు. జబ్బుచేసిన పిల్లని కింద వదిలి నడక చూసినప్పుడు ఎలా చూసేవారో అలా. అప్పుడు ఆయనకి తెలిసిపోయింది. మూడేళ్ళ చీటీలు, నా తల కదలడం, అన్నీ ఆ చూపులో ఒకదానిపక్కన ఒకటి చేరడం నాకు కనిపించింది. తర్వాత ఆయన కొడుకువైపు తిరిగారు.

"నాను రాయడం మరిసిపోనాను. ఈ పెట్టె సంగతి రాయనేదు."

"క్యా? చీటీ రాశారు కదా?"

"ఏటో రాసేను. గుర్తునేదు."

"ఆంటీ, ఆ చీటీ ఏదీ?"

"పోయింది" అన్నాను నేను.

అబ్బాయి అమ్మవైపు చూశాడు. ఆస్పత్రిలో డాక్టరు జ్ఞాపకం తగ్గవచ్చని ముందే చెప్పాడట. "బస్ పాపా. ఆప్ భూల్ గయే, మరిచిపోయారు. ఇంక ఇవన్నీ బంద్" అన్నాడు. అతను చెడ్డవాడు కాదు. వారం తిరక్కుండా పెద్ద బాతులన్నిటినీ పవర్ హౌస్ బజారులో ఇచ్చేశాడు. కొట్టం రేకులు విప్పేశాడు. బావు గుమ్మంలో కుర్చీ వేసుకుని రేకులు విప్పడం చూశారు. "ఆ బోల్టుకి నూనె ఎయ్యరా, తుప్పట్టినాది" అన్నారు. అంతే.

ఆ తర్వాత ఆయన్ని మరుపొచ్చిన మనిషిలాగే చూశారు. గేటుకి లోపల్నుంచి తాళం. పెన్సిలు కంట్లో గుచ్చుకుంటాడని తీసేశారు. ఆయన ఎదురుగానే ఆయన గురించి మాట్లాడుకునేవారు. మధ్యాహ్నాలు అక్క ఆయన్ని చెయ్యి పట్టి మా పెరట్లోకి తెచ్చి, "కాసేపు సూస్తుండు చెల్లీ, ఎటైనా ఎలిపోతాడు" అనేది. ఆయన విననట్టు కూర్చునేవారు. అక్క వెళ్ళాక, తన కుడికాలు చూసుకుని, "అలైన్‌మెంటు పోనాది. నాకెవుడు టేపేస్తాడు?" అనేవారు.

"తరవాణి తాగండి బావూ" అనేదాన్ని. నవ్వేవారు. ఆయన నవ్వడం నేను ఎక్కువగా చూసింది ఆ రోజుల్లోనే.

చీటీ గురించి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాకు ఏదైనా చెప్పాల్సి వస్తే చేత్తో చేసి చూపించేవారు. "సెయ్యి వొణుకుతంది, రాయనేను" అనేవారు. నిజానికి చెయ్యి అంతగా వణికేది కాదు.

ఆంధ్రావాళ్ళ సంఘం గదిలో వారానికి మూడు మధ్యాహ్నాలు రిటైరయిన టీచరమ్మ ఒకావిడ పిల్లలకి తెలుగు చెప్పేది. ఇక్కడ పుట్టి హిందీలో పెరిగిన పిల్లలు. వాళ్ళ వెనక గోడకి ఆనుకుని కూర్చున్నాను. పక్కనున్న ఎనిమిదేళ్ళ పిల్ల 'చెంబు' అని గడగడా చదివి, "దాదీ, చెంబు అంటే ఏంటి?" అని అడిగేది. నేను చెప్పేదాన్ని. నాకు 'బు' ఎలా రాయాలో ఆ పిల్ల చూపించేది. అలా ఏడాది.

కూడబలుక్కుని చదవడం వచ్చిన రోజున బియ్యం డబ్బాలోంచి చీటీ తీశాను. వణికిన చేతిరాత, అయినా ప్రతి అక్షరం పూర్తిగా ఉంది.

"అమ్మడూ, కొట్టంలో ఎడం పక్క అట్టపెట్టెలో ఏడు పిల్లలు. మూడింటికి టేపు వేశాను. మూడో రోజు టేపు తీయాలి. నీళ్ళ గిన్నె ముక్కుకి అందేలా పెట్టు, అవి లేవలేవు. మాత్ర సగం. తాళంచెవి పెయింటు డబ్బా కింద. అనుమానం వస్తే మా ఆవిడని అడక్కు, ఆవిడకి బాతులంటే పడదు."

నోరు పనిచేయని మనిషి, కాలు పనిచేయని మనిషి, ఆటో ఆగి ఉండగా రాసిన ఉత్తరం అది. ఒక్కటి మరిచిపోలేదు.

నాకు ఆయనతో ఆ మాట నోటితో చెప్పడం చేతకాలేదు. ఒక కాగితం మీద "బావూ చీటీ చదివేను బాతు పిల్లలు చచ్చిపోయాయి నా వల్ల" అని రాసి, మధ్యాహ్నం ఆయన వచ్చినప్పుడు చేతిలో పెట్టాను. 'వల్ల'లో ల కింద వత్తు మరిచిపోయాను. ఆయన చదివారు. చాలాసేపు చదివారు. తర్వాత చెయ్యి చాపి పెన్సిలు అడిగారు. ఇచ్చాను. 'ల' కింద వత్తు పెట్టి కాగితం నాకు తిరిగి ఇచ్చేశారు.

"అక్కకి సెప్పీమంటారా?" అని అడిగాను.

"ఏటి సెప్తావు? ఒగ్గీ. నీ పరువూ పోద్ది, నా బాతులూ రావు."

"మీకు మతి పోయిందనుకుంటన్నారు కదా."

"అనుకోనీ." పెన్సిలు తిరిగి నా చేతిలో పెట్టి, "నువ్వు సదువుకున్నావు. అది సాలు" అన్నారు.

ఆయన అనుమతి ఇచ్చారని నేను ఎంత తొందరగా ఊరుకున్నానో ఇప్పుడు తలుచుకుంటే నాకే రోత. ఆయన మంచితనం చాటున ఇంకో ఎనిమిది నెలలు దాక్కున్నాను. ఆ ఎనిమిది నెలలూ ఆయన తాళం వేసిన గేటు లోపలే ఉన్నారు.

మొన్న వానాకాలం చివర్లో పోయారు. వాకిట్లో షామియానా వేశారు. మిల్లులో ఆయనతో పనిచేసిన వాళ్ళు వచ్చారు. నేను టీ గ్లాసులు అందిస్తున్నాను.

"ఎలాంటి బుర్ర అది. మిల్లు రోలరు వెంట్రుకవాసి పక్కకెళ్తే సౌండు విని పట్టీసేవోడు" అన్నాడొకాయన.

"ఆకర్ని ఏటీ గుర్తునేదట పాపం. ఏడు బాతుపిల్లల్ని పెట్టెలో పెట్టి మరిసిపోనాడట, సంపీసేడు" అన్నాడు ఇంకొకాయన.

"సంపీసేడా?"

"తాళమేసి."

వాళ్ళకి టీ ఇచ్చాను. ఖాళీ గ్లాసులు ఏరి, కడిగి, బోర్లించి ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్న గోడమీంచి కాకుండా వీధివైపునుంచి వాళ్ళింటికి వెళ్ళాను. అక్క వంటింట్లో కింద కూర్చుని ఆయన మాత్రలు ఏరుతోంది. మిగిలినవి ఎవరికైనా పనికొస్తాయేమోనని. నేను ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, ఆ రోజు బావు సీటీలో అన్నీ రాసేరు. ఏదీ మరిసిపోనేదు. నాకు సదువు రాదు. అప్పుడు రాదు. సదివేనని అబద్ధమాడేను."

ఆవిడ చెయ్యి ఆగింది. చీటీలో ఉన్నదంతా వరసగా చెప్పాను. చివరి ముక్క తప్ప.

"సీటీ పోయిందన్నావు."

"పోనేదు."

"మరి ఆయనేల సెప్పనేదు?"

"నా పరువు పోద్దని."

అక్క మాత్రల పట్టీని చేతిలో తిప్పుతూ కూర్చుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆవిడ తిట్టలేదు. నాతో కాదు, ఎదురుగా ఉన్న గోడతో అన్నట్టు చెప్పింది.

"నాకు బాగానే ఉందే, గేటు తియ్యే అన్నాడు చెల్లీ. మూడుసార్లు అన్నాడు. మరుపు మనుషులు అలగే అంటారని మాత్రేసి పడుకోబెట్టేను." మాత్రల పట్టీ కింద పెట్టింది. "మూడోసారి ఏడిసేడు. అదీ జబ్బే అనుకున్నాను."

నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోయాను. తీసేసుకుంది.

"అబ్బాయికి నువ్వే సెప్పు" అంది. "నాను సెప్పనేను."

లేచి వాకిట్లోకి వెళ్ళాను. షామియానా కింద అబ్బాయి కూర్చున్నాడు. చుట్టూ చుట్టాలు, నిన్నటి మిల్లువాళ్ళలో ఇద్దరు, కూరలావిడ కూడా ఒక పక్క నిలబడింది. అతనికి నా తెలుగు సగమే అందుతుంది. సగం అందితే చాలని వదిలేసే మాట కాదది. అందుకని అతని ఎదురుగా నిలబడి, ముఝే పఢ్‌నా నహీ ఆతా థా బేటా అని, అప్పుడు నాకు చదవడం రాదని, అందరికీ వినబడేలా, హిందీలో మొదటినుంచీ మళ్ళీ చెప్పాను.